కొనొద్దని చెప్పే వెండెల్ బాబాయ్

తన సరుకు పుచ్చు అని ఏ వ్యాపారీ చెప్పుకోడు. మా వెండెలిన్ కైన్‌రాత్ చెప్పుకుంటాడు. చెప్పుకోవడమే కాదు, కొనడానికి వచ్చినవాళ్ళని వాదించి మరీ వెనక్కి పంపుతాడు. ఊరందరికీ ఆయన వెండెల్ బాబాయ్. ఆస్ట్రియా ఉత్తరాన, వాల్ట్‌ఫీర్టెల్ కొండల్లో ఉన్న మా ఊరి శనివారం సంతలో చర్చి మెట్ల పక్కన ఆయన బల్ల. దాని పక్కనే నా రొట్టెల బల్ల. కాబట్టి నేను చెప్పేదంతా చెవులారా విన్నదే.

రిటైరైన టీచరమ్మ హెడ్విగ్ బుట్ట పట్టుకుని వచ్చేది.

"దుంపలు ఎలా ఉన్నాయి, వెండెల్?"

"మా మామగారి మోకాళ్ళలా ఉన్నాయమ్మా. ఇదిగో, ఇది వాపు. ఇది నొప్పి."

"ఉడకేస్తే?"

"వాపు తగ్గుతుంది. నొప్పి మీకొస్తుంది."

ఆవిడ పడీ పడీ నవ్వేది. బాబాయ్ మాత్రం నవ్వడు. చెయ్యి చాచి ఎదుటి బల్ల చూపించేవాడు. "అదిగో, రైన్‌హిల్డ్ దగ్గర చూడండి. పసిపిల్లల బుగ్గల్లా ఉన్నాయి దుంపలు. అక్కడ తీసుకోండి. నా దగ్గర తీసుకుంటే నన్నే తిట్టుకుంటారు."

ఆయన భార్య నోట్‌బుర్గా పిన్ని వెనకాల క్యారెట్లు కట్టలు కడుతూ పళ్ళు కొరికేది. "కలుపు తీసేది నేను. నడుం విరిగేది నాది. కొనేవాళ్ళు మాత్రం ఎదుటి బల్లకి! ఏ ముహూర్తాన నిన్ను చేసుకున్నానో కానీ!"

"వాన కురుస్తున్న ముహూర్తాన," అనేవాడు బాబాయ్. "నేను వద్దనే చెప్పాను. నా పెళ్ళికొడుకుతనం కూడా నాసిరకమేనని ముందే హెచ్చరించాను. నువ్వే వినలేదు."

నిజానికి ఆయన సరుకులో వంక పెట్టడానికేమీ లేదు. మా చుట్టుపక్కల మందులు మానేసి సేంద్రియ సేద్యంలోకి దిగిన మొదటి తరం ఆయన. ఆయన క్యారెట్టు కొరికితే చెరుకు గుర్తొస్తుంది. ఆయన గసగసాలతో పిన్ని చేసే ఉండల కోసం చర్చి ఫాదరు ప్రసంగం త్వరగా ముగించేస్తాడని ఊళ్ళో చెప్పుకుంటారు.

ఒకసారి వియన్నా నుంచి కారులో ఒక జంట దిగింది. ఆ భర్త ధర చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. "ఇంత రేటా? మా వీధి చివర సూపర్ మార్కెట్లో ఇందులో సగమే!"

"అక్కడే కొనుక్కోవయ్యా, మంచిపని," అన్నాడు బాబాయ్ సంతోషంగా.

"అది కాదు, ఎందుకింత అని అడుగుతున్నా."

"మందు కొడితే ఒక పూటలో కలుపు చస్తుంది. మందు లేకపోతే వేసవంతా ఒక నడుము వంగాలి. నువ్వు డబ్బిచ్చేది దుంపకి కాదు, ఆ నడుముకి. కావాలంటే చూపిస్తా. నోట్‌బుర్గా, ఇటు తిరుగు!"

ఆ నడుము ఇటు తిరగలేదు గాని, అటునుంచి ఒక క్యారెట్టు ఎగిరొచ్చి బాబాయ్ టోపీకి తగిలింది.

బాబాయ్ టోపీ సర్దుకుని రైన్‌హిల్డ్ బల్ల వైపు చెయ్యి చాచాడు. వియన్నా ఆవిడ మెల్లిగా అడిగింది: "మరి, ఆ ఎదుటి బల్లమ్మాయి సరుకు మీద సేంద్రియ ముద్ర లేదేం?"

"వచ్చే ఏడు వస్తుంది. ఆ సంగతి దుంపకి తెలీదు కదా, అది ఇప్పుడే తియ్యగా ఉంది. వెళ్ళండి, వెళ్ళండి."

ఆ ముద్ర కథ చెప్పాలి. మందులు మానేసిన రోజునే ఎవరూ సేంద్రియ రైతు అయిపోరు. పాత మందుల జాడ పోయేదాకా, దాదాపు రెండేళ్ళు, పొలం ఉపవాసం చెయ్యాలి. దాన్ని మార్పిడి కాలం అంటాం. ఆ కాలంలో పంట తగ్గుతుంది, పని పెరుగుతుంది, ధర మాత్రం పాతదే. మొదటి ఏడు ముద్ర మాటే ఎత్తకూడదు. రెండో ఏడు మాత్రం 'మార్పిడిలో ఉన్న పొలం పంట' అని రాసుకోవచ్చు. ఆ రాత చదివినవాళ్ళు, పొలానికేదో జబ్బు చేసిందనుకుని పక్కకి తప్పుకుంటారు. మనసు విరిగి వెనక్కి మళ్ళేవాళ్ళు మళ్ళేది ఇక్కడే.

రైన్‌హిల్డ్ అప్పుడు ఆ రెండో ఏట్లో ఉంది. ఒక శనివారం పొద్దున్నే నా దగ్గరికి వచ్చి, రొట్టె కొనకుండా నిలబడింది.

"లిందక్కా, ఇంక నా వల్ల కాదు. వచ్చే వసంతానికి మళ్ళీ మందులే."

"ఇంత దూరం వచ్చాక అదేం మాటే?"

"పొలంలో సగం కలుపుది. మిగతా సగం తెగులుది. ఆ మిగిలింది నాది. వెండెల్ బాబాయ్ పంపే నలుగురితో ఎన్నాళ్ళని లాగను?"

బాబాయ్ అటు తిరిగి ఉన్నాడు గాని, ఆయన చెవులు ఇటే ఉన్నాయి.

ఆ రోజే, గిరాకీ ముదిరే వేళకి, మట్టి తగలని బూట్లు వేసుకుని ఒకాయన బాబాయ్ బల్ల ముందు ఆగాడు. ఒక పెద్ద దుకాణాల సంస్థకి కూరగాయలు కొనే అధికారినని చెప్పుకున్నాడు. "మీ క్యారెట్ల గురించి చాలా విన్నాం. పంట మొత్తం మేమే తీసుకుంటాం. లారీ మీ గుమ్మంలోకే వస్తుంది."

పిన్ని చేతిలో కట్ట జారిపోయింది. గుమ్మంలోకి లారీ! ఇంక చలికి, వానకి ఈ సంతలో నిలబడక్కర్లేదు. ఆవిడ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

"మా క్యారెట్లా?" అన్నాడు బాబాయ్. "వద్దయ్యా. మా గుర్రం కూడా ఆలోచించుకుని తింటుంది."

అధికారి ఒకటి తీసి కొరికాడు. కళ్ళు పెద్దవయ్యాయి. "అబ్బ! ఎంత తియ్యగా ఉంది!"

"మొదటి కొరుకు అలాగే మోసం చేస్తుంది. పెళ్ళిలాగ."

"ఏమన్నావ్?" అంది పిన్ని.

"రెండో కొరుకు ఇంకా బాగుంటుందన్నాను."

అధికారికి ఓపిక తగ్గుతోంది. "ఇస్తారా, ఇవ్వరా?"

"ఇస్తాను. కాని ఒంటరిగా రావు. ఆ అమ్మాయి దుంపలతో కలిసే లారీ ఎక్కుతాయి. దుంపల సంచి మీద 'మార్పిడి పొలం' అని పెద్దక్షరాలతో రాయి, కాస్త మంచి ధర పెట్టు."

"మాకు అలాంటి అలవాటు లేదండీ."

"నాకూ లారీలు ఎక్కించే అలవాటు లేదు. సరే మరి, మంచిది. సెర్వుస్, వెళ్ళిరా!" అని వీపు తిప్పేశాడు.

అధికారి కొరికిన క్యారెట్టు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. పిన్ని విసురుగా క్యారెట్లు కట్టడంలో పడింది. ఆవిడ తిట్టకపోతే ఆకాశం ఉరమకుండా మబ్బు పట్టినట్టే. బాబాయ్ టోపీ తీసి తల గోక్కున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. ఒకావిడ వచ్చి దుంపలడిగితే బాగోలేవని చెప్పడం కూడా మర్చిపోయి తూచి ఇచ్చేశాడు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

కాసేపటికి మట్టి తగలని బూట్లు మళ్ళీ వచ్చాయి. ఆయన చేతిలో క్యారెట్టు లేదు, దాని ఆకుపచ్చ కొన మాత్రం మిగిలింది.

"ఇద్దరివీ తీసుకుంటాం," అని గొణిగి, తిన్నగా రైన్‌హిల్డ్ బల్ల దగ్గరికి నడిచాడు. కాసేపటికి ఆ పిల్ల వేసిన కేకకి చర్చి మీది పావురాలన్నీ లేచిపోయాయి.

సంత సర్దుకునే వేళ నేను బాబాయ్‌ని నిలదీశాను. "ఇన్నాళ్ళూ నువ్వు నోటి తీట కొద్దీ సరుకుని తిట్టుకుంటున్నావనుకున్నాను. ఆ పిల్ల మీద జాలితోనా ఇదంతా?"

"జాలా? నేనా?" బాబాయ్‌కి కోపమొచ్చింది. "వ్యాపారం! నా ఒక్కడి క్యారెట్లకి లారీలో ఒక మూల కూడా నిండదు. సరుకు నిండకపోతే లారీ మళ్ళీ రాదు. పైగా ఆమె పొలం మా పొలానికి గాలివాటున ఉంది. ఆమె మందు కొడితే పడేది నా గసగసాల మీద. ఇది శుద్ధమైన స్వార్థం. రాసుకో."

"అబద్ధాలకోరు!" అంది పిన్ని. అధికారిని వెనక్కి పంపినప్పటి నుంచి ఆవిడ ఆయనతో అన్న మొదటి మాట అదే. తర్వాత నా వైపు తిరిగింది. "లిందా, నువ్వు రొట్టెల బల్ల పెట్టిన కొత్తల్లో గుర్తుందా?"

"గుర్తులేకపోవడమేంటి పిన్నీ! మొదటి వారం నుంచే జనం వరస కట్టారు."

"రొట్టెల పిండికి రై గింజలు పండించే మీ పొలం అప్పుడు ఏ కాలంలో ఉంది?"

"మార్పిడి..." అని ఆగిపోయాను.

"ఆ వరస ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావ్? 'నా దుంపలు తింటే కడుపునొప్పి, పక్కకెళ్ళి రొట్టె తినండి' అని ఈ మహానుభావుడే తోలేవాడు. రైన్‌హిల్డ్‌కి ముందు ఆపిల్ పళ్ళ ఆయన్ని, ఆయనకి ముందు నిన్ను."

బాబాయ్ చర్చి గడియారం వైపు శ్రద్ధగా చూస్తున్నాడు. నా తొలి విజయగాథ, పిల్లలకి కూడా చెప్పుకున్న గాథ, ఆ మెట్ల మీద కూలబడింది.

"అయితే బాబాయ్, నా రొట్టె బాగుండబట్టి కాదా?"

"మొదటేడు రొట్టెనా?" బాబాయ్ ముఖం వెలిగింది. "ఇటుక. మా కొట్టం తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టేవాణ్ణి."

"మరి వారం వారం రెండేసి ఎందుకు కొనేవాడివి?"

"రెండు తలుపులు మరి!"

నోట్‌బుర్గా పిన్ని ఖాళీ బుట్టలు బండిలో పెడుతూ అంది: "మా కొట్టానికి అసలు తలుపెక్కడ ఏడ్చింది?"