ఎర్రకొమ్ముల గేదె

భీమవరంలో ఊలు స్వెట్టరు అల్లడమే ఒక వింత. అల్లినదాన్ని విప్పేయడం అంతకు మించిన వింత. దేవకుమారి గారికి ఈ రెండు పిచ్చులూ సమానంగా ఉండేవి. నీలగిరి కొండల్లో నర్సు ట్రైనింగు అయినప్పుడు పట్టిన అల్లిక సూదులు, పురుళ్ళ వార్డులో ముప్పై ఏళ్ళ సర్వీసు చేసి రిటైరైనా ఆవిడ చేతుల్లోంచి దిగలేదు. అల్లే ప్రతి స్వెట్టరు మీదా ఒక జంతువు ఉండాలి. అది పూర్తి కావచ్చేసరికి అందులో ఒక తప్పు దొరకాలి. పాస్టరుగారి నెమలికి కాళ్ళు లావయ్యాయని విప్పేశారు. పోస్టుమాస్టరు సూర్యప్రకాశం గారి పులికి ఆకలి ఉన్నట్టు లేదని, ఆయన తొడుక్కుని అద్దంలో చూసుకుంటూ ఉండగానే మెడ దగ్గర కొస పట్టుకుని లాగారని వీధిలో చెప్పుకుంటారు. ఆయన ఆ తర్వాత ఆ వీధిలోకి శాలువా కప్పుకుని కూడా రాలేదట.

అలాంటి మనిషి 1997 డిసెంబరులో పక్కవాటాలో ఉండే వీరవేణిని పట్టుకున్నారు.

వీరవేణి రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికి వెళ్ళేది. రోజంతా చేతులు ఐసులో, కాళ్ళు తడి గచ్చు మీద. ఓ సాయంత్రం కుళాయి దగ్గర దేవకుమారి గారు ఆమె వేళ్ళు పట్టుకు చూసి, ఇవి వేళ్ళా ఐసుపుల్లలా అని అడిగి, నీకు స్వెట్టరు అల్లుతున్నానని ఆ చివర కొట్టువాడికి కూడా వినపడేలా ప్రకటించారు.

వీరవేణికి అప్పటికి అయిదో నెల. ఆ సంగతి ఆమెకూ, మొగుడు చిట్టియ్యకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే పని పోతుంది. కడుపుతో ఉన్నందుకు తీసేశామని ఎవరూ అనరు, చట్టం ఊరుకోదు. కాంట్రాక్టరు మనిషి అప్పాజీ హాజరు వేసే మస్టరు పుస్తకం పట్టుకుని గేటు దగ్గర నిలబడి, వచ్చిన ఆడవాళ్ళ పొట్టలు చూసి, ఈవేళ నీకు పని లేదమ్మా అంటాడు. మర్నాడూ ఉండదు. చట్టం కాగితం మీద ఉంటుంది, అప్పాజీ గేటు దగ్గర ఉంటాడు, తేడా అంతే.

ఎనభై రోజులు పనిచేసిన మనిషికి కాన్పుకి జీతంతో సెలవివ్వాలని మహిళా సంఘం వాళ్ళ కరపత్రంలో చదివింది వీరవేణి. ఆమెకు మస్టరులో యాభై పడ్డాయి. ఇంకా ముప్పై. లోపలికి వెళ్ళాక పైన తెల్లకోటు తొడుగుతారు కాబట్టి ఏమీ కనపడదు. గండమల్లా గేటు దగ్గరే. ఇప్పుడు పురుళ్ళ వార్డు కళ్ళూ, మైకులాంటి గొంతూ ఉన్న మనిషి టేపు పట్టుకుని మీదికొస్తోంది.

“కొలతలెందుకండీ, ఉజ్జాయింపుగా అల్లేయండి.”

“ఉజ్జాయింపుగా అల్లడానికి ఇది చేపలవలా? చేతులెత్తు.”

వీరవేణి ఊపిరి బిగపట్టి, పొట్ట వెన్నుకంటేలా నిలబడింది. దేవకుమారి గారు టేపు చుట్టి, అంకె రాసుకుని, ఏ జంతువు కావాలని అడిగారు. మీ ఇష్టమండీ అంటే గేదె అన్నారు. గేదెనేసుకుని గేటు దాకా ఎలా వెళ్ళనండీ అంటే, నడిచే వెళ్ళు అన్నారు. పైగా ధనుర్మాసంలో రోజూ ముగ్గులేస్తున్నావు కదా, చుక్కలు పెట్టి నువ్వే గీసివ్వు అన్నారు.

వీరవేణి చుక్కలు పెట్టి మంచి గేదెనే గీసింది. చుక్కకో కుట్టు చొప్పున ఆవిడ అల్లారు. తీరా చూస్తే అది పంది. ముగ్గు చుక్కలు అటూ ఇటూ సమదూరంలో ఉంటాయి. ఊలు కుట్టు అలా కాదు, ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. దాంతో గేదె నిలువునా కుంగి, కాళ్ళు పొట్టలోకి పోయాయి. వీధంతా వచ్చి చూసింది. పంది కాదు, పందికొక్కని కొందరు వాదించారు. దేవకుమారి గారు కొస అందుకున్నారు. అప్పటికి మస్టరులో యాభై తొమ్మిది.

పైట సర్దుకుంటే దాగే రోజులు అయిపోతున్నాయి. ఓ ఉదయం అప్పాజీ, ఏమ్మా ఒళ్ళు చేస్తున్నావే అన్నాడు. కొత్త బియ్యమండీ, ఎక్కువ తింటున్నానని చెప్పి లోపలికి దూరింది. ఆ రోజంతా ఐసు కంటే ఆ మాటే ఎక్కువ వణికించింది. అప్పుడు తట్టిందామెకు. పైన స్వెట్టరుంటే ఎంత నయం. మంచు కాలం, ఎవరూ అడగరు.

అరవై ఏడో రోజు రెండో గేదె తయారైంది. వరసలు పెంచారేమో, కాళ్ళు దిగాయి, కొమ్ములు కుదిరాయి. వీధిలో ఒక్కరు కూడా పంది అనలేదు. వీరవేణి తొడుక్కుంది. ఒంటికి అతికినట్టుంది. దేవకుమారి గారు చుట్టూ ఒకసారి తిరిగి, పెదవి విరిచి, గేదె మొహంలో పొగరు లేదని తేల్చారు.

“పొగరు నేను పెట్టుకుంటానండీ. నాకిచ్చేయండి.”

“విప్పు.”

వీరవేణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఊలు సర్రున ఊడి ఉండ చుట్టుకుంటుంటే ఆమెకు తన మస్టరు రోజులే ఊడిపోతున్నట్టు అనిపించింది. ఇంటికెళ్ళి చిట్టియ్య దగ్గర ఆ ముసలామెను తిట్టని తిట్టు లేదు.

డెబ్బై నాలుగో రోజు, శనివారం, అప్పాజీ ఒక మాట అన్నాడు. లైనులో ఎవరో నెల తప్పినవాళ్ళున్నారని తెలిసిందట. సోమవారం నుంచి పైన తువ్వాళ్ళూ దుప్పట్లూ తీసేసి నిలబడాలి.

సోమవారం తెల్లారి వీరవేణి గుమ్మం దిగుతుంటే దేవకుమారి గారు అడ్డొచ్చి స్వెట్టరు తలమీంచి దింపారు. వీరవేణి కిందికి చూసుకుని నోరు తెరిచింది. అది ఒక గేదెలా లేదు, గేదెల మందంత ఉంది. నడుం దిగి తొడల దాకా నల్లటి ఒళ్ళు, రొమ్ము మీద సాసర్లంత పసుప్పచ్చ కళ్ళు, భుజాలెక్కిన ఎర్రటి కొమ్ములు. లోపల చెయ్యి పట్టేంత వదులు. విప్పి పారేద్దామంటే టైము లేదు.

గేటు దగ్గర మంచు. ముందున్న ఇద్దరిని అప్పాజీ పైనుంచి కిందికి చూసి పంపాడు. వీరవేణి ఎదురుగా వచ్చి నిలబడింది. అప్పాజీ పెన్ను ఆగిపోయింది.

“ఇదేంటి?”

“గేదండి.”

“గేదేంటి, దున్నపోతులా ఉంటేను.”

వెనక నిలబడ్డ సూర్యకళ, కొమ్ములు చూడండి, అచ్చంగా గేదే అంది. ఇంకొకామె దున్నే అంది. లైనంతా విరిగి ముందుకొచ్చింది. పూటకు ఎన్ని లీటర్లిస్తుందని ఎవరో లెక్కలేశారు. అప్పాజీ ఇంట్లో నాలుగు గేదెలున్నాయి, గేదె విషయంలో ఒకరు చెబితే వినే మనిషి కాడు.

“గేదైతే పొదుగేదీ?” అంటూ వంగాడు.

అతని చూపు కొమ్ములు దాటింది. కళ్ళు దాటింది. కిందికి, ఇంకా కిందికి వస్తోంది.

“పడ్డండి,” అంది వీరవేణి. “ఇంకా ఈనలేదు.”

అప్పాజీ నిటారుగా లేచాడు. చాలాసేపు గేదె మొహంలోకి చూశాడు.

“ఇంత పడ్డా,” అని గొణుక్కుంటూ హాజరు వేశాడు.

ఆ సాయంత్రం వీరవేణి పక్కవాటా తలుపు వేసి, గొంతు తగ్గించి, ఏదో చెప్పబోయింది. దేవకుమారి గారు కూడా గొంతు తగ్గించారు. ఆవిడకా విద్య వచ్చని వీరవేణికి అప్పుడే తెలిసింది.

“టేపు పెట్టినరోజే తెలుసే. ఊపిరి బిగపడితే పొట్ట దాగుతుందేమో గాని, మొహం దాగుతుందా? రెండోది నీకు అతికినట్టుంది. ఇంకో వారానికి బిగిసిపోయేది. బిగుతు స్వెట్టరు తొడుక్కోవడమంటే చాటింపు వేయించుకోవడమే.”

“మరి పొగరు లేదన్నారు?”

“వీధిలో పదిమంది ముందు ఇంకేమనను?”

“ఆ కళ్ళూ, కొమ్ములూ?”

“చూసినవాడి చూపు అక్కడే ఆగిపోవాలని.” ఒక క్షణం ఆలోచించి, “మొదటిది మాత్రం నిజంగానే పంది,” అన్నారు.

ఎనభయ్యో రోజు హాజరు పడ్డాక ఇద్దరూ కలిసి అర్జీ పట్టుకుని కంపెనీ ఆఫీసుకి వెళ్ళారు. ఆ చట్టం కాంట్రాక్టు వాళ్ళకి వర్తించదేమో అన్నాడు గుమాస్తా. దేవకుమారి గారు తన మామూలు గొంతుతో, ఐసు గదుల్లో ఉన్నవాళ్ళకి కూడా వినపడేలా, సెక్షన్లవారీగా చదవడం మొదలెట్టారు. మూడో సెక్షను సగంలో ఉండగానే అర్జీ అందినట్టు స్టాంపు పడింది.

మర్నాడు సూర్యకళ ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. చలికి స్వెట్టరు కావాలండీ అంది, కాలి బొటనవేలితో గచ్చు రాస్తూ. దేవకుమారి గారు ఆమె మొహంలోకి చూసి తలుపు దగ్గరగా వేశారు.

“ఎన్నో నెల?”

“నాలుగండి. కవలలంటున్నారండి.”

దేవకుమారి గారు బుట్టలోంచి బూడిదరంగు ఊలు ఉండలన్నీ తీసి వరసగా పేర్చారు.

“అయితే ఏనుగు,” అన్నారు.