ఆశాజ్యోతి చేతిలో కీళ్ళ పాఠం

ధవళేశ్వరం హైస్కూల్లో ఆశాజ్యోతి పద్నాలుగేళ్ళుగా సైన్సు చెబుతోంది. అయినా కీళ్ళ పాఠం ఆమె చేతికి తెలిసింది మాత్రం భర్త విజయ్ పాల్‌కి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయాకే.

"కదపకపోతే బిగుసుకుపోతాయండి," అన్నాడు ఫిజియోథెరపీ చేసే శ్యాంబాబు. "భుజం బంతిగిన్నె కీలు కదండీ, చుట్టూ తిప్పొచ్చు. మోచేయి, మోకాలు మడతబందుల్లాంటివి, ముడుచుకుని చాచుకోవడమే. బలవంతం మాత్రం చెయ్యకండి."

రోజూ స్కూలుకి వెళ్ళేముందు ఆశాజ్యోతి ఆయన భుజం తిప్పేది, మోచేయి మడిచేది, మణికట్టు వంచేది, మెడను మెల్లగా అటూ ఇటూ తిప్పేది. ఆయనకి మాట పడిపోయింది. ఒక్కసారి మాత్రం, మోకాలు మడుస్తుంటే "చాలు" అన్నాడు. రెండేళ్ళలో ఆమెకు అర్థమైన మాట అదొక్కటే.

ఈ వానాకాలం నిమోనియా వచ్చి మూడోరోజున పోయాడు. శవపేటికలో చేతులు గుండెల మీద పెట్టబోతే కుడి మోచేయి మడత పడలేదు. ఎవరో గట్టిగా నొక్కబోయారు. "బలవంతం చెయ్యకండి," అంది ఆశాజ్యోతి. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు. ఆమెకు ఏడుపు రాలేదు.

పదకొండో రోజున స్కూలుకెళ్ళింది. ఎనిమిదో తరగతిలో మిగిలిపోయింది కీళ్ళ పాఠమే. మెడలో బొంగరపు కీలు, వెన్నులో జారెడు కీళ్ళు, పుర్రెలో కదలని కీళ్ళు అని బోర్డు మీద బొమ్మలు వేసి చెప్పింది. గొంతు ఎక్కడా తడబడలేదు.

"ఇంటికెళ్ళి పడుకోండి, ఆశాజ్యోతి గారూ," అంది హెడ్‌మిస్ట్రెస్ మాణిక్యాంబ.

"ఫర్లేదండి. సిలబస్ వెనకబడింది."

ఆ వారంలోనే శ్యాంబాబు ఫోన్ చేశాడు. కడియం మొక్కల నర్సరీలో పనిచేసే బుల్లబ్బాయికి పక్షవాతం వచ్చిందట. ముట్టుకుంటే ఏమవుతుందోనని భార్య భయపడుతోందట. "నేను చెబితే వినట్లేదండి. మీరొకసారి చూపిస్తారా?"

ఆదివారం ఆరాధన అయ్యాక కడియం వెళ్ళింది. బుల్లబ్బాయి చెయ్యి ఎత్తి, భుజం కింద అరచెయ్యి ఆనించి తిప్పింది. చెయ్యి వెచ్చగా ఉంది. ఆమె ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తిప్పింది.

"నొప్పెడతదేమోనండి," అంది అతని భార్య సంపూర్ణమ్మ.

"పెడితే మొహంలో తెలుస్తుంది. మీరు పట్టుకోండమ్మా."

సంపూర్ణమ్మ రెండు చేతులా పట్టుకుంది. మూడోసారికి చెయ్యి తిన్నగా తిరిగింది. బుల్లబ్బాయి కళ్ళు మూసుకుని నిద్రలోకి జారుకున్నాడు.

బస్టాపు దగ్గర ఆశాజ్యోతికి ఆకలేసింది. ఆయన పోయాక అదే మొదటిసారి. ఇడ్లీ బండి దగ్గర నిలబడి రెండు ప్లేట్లు తింది.