గోడ పక్కన అత్తమ్మ చల్లిన జొన్నలు

సహోదరులారా, సహోదరీలారా, ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ కంటినిండా నిద్ర లేదు! మన ఊరు పెద్దమందడి నుంచి కూలికి వెళ్లిన మేము హైదరాబాదు శివార్లలో కొత్త విమానాశ్రయం గోడ పక్కనే రేకుల షెడ్డులో ఉండేవాళ్లం, మా ఆయన ఏసోబుకు విమానాలు లేచే దారిలో టపాకాయలు పేల్చి పక్షులను తోలే పని దొరికింది. ఒక్క పావురం ఇంజనులో పడినా విమానానికే ముప్పు కదా! ఆయన ఎంత పేల్చినా అవి లేచినట్టే లేచి మళ్లీ వాలేవి, ఇలాగైతే పని ఉండదని ఆఫీసరు గట్టిగా చెప్పాడు, కానీ మా ఆయనకు పని పోతుందన్న బాధకంటే ఎవరి ప్రాణం మీదికి వస్తుందోనన్న దిగులే ఎక్కువ, పళ్లెం ముందు కూర్చుని కూడా ఆకాశం వైపే చూసేవాడు.

మా అత్తమ్మ శాంతమ్మది వెన్నలాంటి మనసు. పంట కాలంలో గట్టు మీద నాలుగు గింజలు చల్లితే పిట్టలు కడుపు నింపుకుని కంకుల జోలికి రావని మా పెద్దల నమ్మకం, అందుకే కొడుకు కష్టం చూడలేక ప్రతి ఉదయం గోడ పక్కన జొన్నలు చల్లుతూ ప్రార్థించేది: "తండ్రీ, గీ పిట్టల కడుపు నేను నింపుత, నా కొడుకు దిక్కు పోనియ్యకు!" పక్కన నిలబడి నేనూ ఆమెన్ అనేదాన్ని!

ఒక ఉదయం విమానం లేస్తుండగా మా గోడ దగ్గర మేస్తున్న పావురాల గుంపు భర్రున ఎగిరి దానికి ఎదురువెళ్లింది, దబ్బుమని చప్పుడు, ఇంజను నుంచి పొగ! అత్తమ్మ చేతిలోని చేట జారిపోయింది. తన జొన్నలే ఆ పావురాలను అక్కడికి రప్పించాయని ఆమెకు అర్థమై అక్కడే మోకాళ్ల మీద పడింది. "దేవా, నా పానం తీస్కో, ఆళ్లను మాత్రం సల్లగ దించు తండ్రీ!" ఆమెను పట్టుకుని నేనూ ఏడ్చాను. విమానం పెద్ద చుట్టు తిరిగి వచ్చి మెల్లగా నేల మీద వాలింది, అందరూ క్షేమంగా దిగారు, దేవునికే మహిమ!

మా ఆయన వచ్చేసరికి అత్తమ్మ మట్టిలో జొన్నగింజలు ఏరుతోంది. కసురుకుంటాడని భయపడ్డాను. ఆయన పక్కన కూర్చుని తనూ ఏరడం మొదలుపెట్టాడు.

"నా కోసమే గదా అమ్మా, గట్ల ఏడ్వకు," అన్నాడు.

ఆ సంగతి తనే వెళ్లి ఆఫీసరుకు చెప్పాడు, షెడ్లవాళ్లెవరూ గోడ పక్కన మెతుకు కూడా వేయకుండా చూశాడు, పక్షులు తగ్గాయి, ఆయన పని పోకుండా నిలబడింది, మా ఇంటికి నిద్ర వచ్చింది!

ప్రియులారా, సరిగ్గా ప్రార్థించడం రాదని ఆగిపోకండి. మా అత్తమ్మ అడిగింది ఒకటి, చేసింది ఇంకొకటి, అయినా ప్రభువు ఆమె ప్రేమను చూసి ఆమె కొడుకునూ నిలబెట్టాడు, పేరైనా తెలియని ఆ ప్రయాణికులనూ దించాడు. ఆమె ఇప్పటికీ రోజూ పిడికెడు జొన్నలు తీసి డబ్బాలో దాస్తుంది, ఊరికి వచ్చినప్పుడు మా చేనులో చల్లుతుంది. అదిగో, ముందు వరుసలో కూర్చుంది చూడండి, ఆ డబ్బాను చేనులో ఖాళీ చేశాకే ఆరాధనకు వచ్చింది!