ఆయిల్ మార్చేదెప్పుడని అడగబోయిన సతార్‌కుల్

నరీన్ పట్టణంలో పశువైద్యుడిగా రిటైరైన సతార్‌కుల్ కొత్త కారు కొన్నాడు. ఇంజన్ ఆయిల్ పదిహేను వేల కిలోమీటర్లకోసారి మార్చమని కారు పుస్తకంలో ఉంది. వీధి చివరి మెకానిక్ ఐదు వేలకే మార్చాలన్నాడు. ఎవరిని నమ్మాలో తేలక, సతార్‌కుల్ అదే కారేసుకుని ఊరూరా మెకానిక్కులను అడుగుతూ తిరిగాడు. కనుమలు దాటాడు, ఇసిక్‌కుల్ సరస్సును రెండుసార్లు చుట్టాడు. ప్రతిచోటా టీ పోసి, ఓ కొత్త అంకె చెప్పారు.

చివరికి ఓష్ నగరంలో ముసలి మెకానిక్ ఎర్గెష్ మీటరు చూసి నోరెళ్లబెట్టాడు.

"ఎనిమిది వేలా! ఎక్కడెక్కడ తిరిగావయ్యా డాక్టరూ?"

"ఆయిల్ ఎప్పుడు మార్చాలో అడగడానికేనన్నా."

"మన దుమ్ము రోడ్లకు ఏడు వేలకే మార్చాలి. ఇప్పుడే మార్చేస్తా. ఇంకెవర్నీ అడక్కు, నీకు దణ్ణం పెడతా!"

సతార్‌కుల్ సిగ్గుపడుతూ తాళాలిచ్చి, ఇంటికి ఫోన్ చేశాడు.

"మార్పించేశారా?" అంది భార్య బురుల్. "పాపం, పెట్రోలు బంకువాళ్లు బెంగపెట్టుకుంటారు!"