బొమ్మల చదువుకు నలభై మూడు దుకాణాలు

పోయిన నెల పదకొండో తారీఖున, వికారాబాద్‌లో నేనుంటున్న ఇంటి కింది వాటాలో కాపురముండే టీచరమ్మ, తన ఫోన్లోకి వచ్చిన ఒక విన్నపాన్ని నాకు చదివి వినిపించింది. కుల్కచర్ల దగ్గరి పల్లెలో గొర్రెలు కాసుకునేవాళ్ల ఇంటి పిల్లకు చూపు సరిగా లేదట, బొమ్మల కాలేజీలో సీటు వచ్చిందట, ఫీజుకు సాయం చేయమని అడుగుతున్నదట. దేనికోసమని రాసిందో ఇంకోసారి చదవమన్నాను. బొమ్మలు గీయడం నేర్చుకోవడానికని ఉన్నదున్నట్టు చదివింది. కండ్ల ఆపరేషన్ మాట ఎక్కడైనా ఉన్నదా అని అడిగితే, "గట్లేం లేదు పెద్దమ్మా, మీకెందుకొచ్చింది గీ అనుమానం?" అని నవ్వింది. ఆమెకు నేనేమీ చెప్పలేదు. చెప్పాలంటే యాభై ఏళ్ల కిందటి తాండూరు బజారును మొత్తం చెప్పాలి. అది నా ఈడువాళ్లకు తప్ప ఇంకొకరికి పట్టే సంగతి కాదు కనుక, నల్ల స్కెచ్ పెన్నుతో, పేజీకి ఎనిమిది వరుసల లెక్కన, ఇక్కడ రాసుకుంటున్నాను.

నా చూపు పుట్టుకతోనే నడిమధ్యన చెరిగిపోయి ఉన్నది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం ఉండవలసినచోట బూడిదరంగు మరక, దాని చుట్టూ మాత్రం లోకం. ఏదైనా చూడాలంటే తల పక్కకు తిప్పి, ఆ వస్తువును చూపు అంచులోకి తెచ్చుకోవాలి. తాండూరులో మా ఇంట్లో నేలంతా నాపరాయి బండలు. అమ్మ వాకిలి కడిగాక నేను వేలు తడిపి బండ మీద బొమ్మ గీసేదాన్ని, తడి ఆరేలోపు పూర్తికావాలని పందెం వేసుకొని, ఎవరితోనో కాదు, నాతోనే. నాతో ఆడుకునేవాళ్లు తక్కువ. బంతి విసిరితే పట్టలేని పిల్లను జట్టులోకి ఎవరు తీసుకుంటారు? అందువల్ల నాకు బొమ్మలు వచ్చాయి.

బడిలో డ్రాయింగు సారు ఒకరుండేవారు. నేను వస్తువును కాక దాని చుట్టూ ఉన్న చోటును గీస్తున్నానని, అది చూపున్నవాళ్లకు ఎంత నేర్పినా రాదని ఆయనే మొదట అన్నారు. హైదరాబాద్‌లో బొమ్మల కాలేజీకి దరఖాస్తు ఆయనే తెచ్చారు, పరీక్షకు ఆయనే వెంట వచ్చారు. జూన్ పందొమ్మిది, గురువారం నాడు సీటు వచ్చినట్టు ఉత్తరం అందింది. జూలై ఐదు, శనివారంలోగా డబ్బు కట్టాలి. ఫీజు రెండువందల అరవై, హాస్టలు పది నెలలకు పదకొండు వందలు, రంగులు, కాగితాలు మూడువందల యాభై, బట్టలకూ రాకపోకలకూ నూట యాభై, వెరసి పద్దెనిమిది వందల అరవై రూపాయలు. నాన్న పోయి అప్పటికి మూడేళ్లు. మేనమామ కందిపప్పు దుకాణమే అమ్మకూ నాకూ ఆధారం. ఆ దుకాణం కూడా ఆ ఏడు అప్పుల్లోనే ఉన్నది.

మామ ఆలోచించింది ధర్మం డబ్బాల సంగతి. అప్పట్లో తాండూరు వ్యాపారస్తులు బస్తాకిన్ని పైసలని అమ్మకంలోంచి తీసి, గల్లాపెట్టెలో కలపకుండా వేరే డబ్బాలో వేసేవారు. ఆకలన్నవాడికో రోగమన్నవాడికో దాంట్లోంచి ఇచ్చేవారు. మామ వారం రోజులు పొద్దున్నే బజారుకు పోయి, నలభై మూడు దుకాణాల నుంచి పద్దెనిమిది వందల డెబ్బై ఒక్క రూపాయి తెచ్చాడు. పదకొండు రూపాయలు ఎక్కువే. ఎవరెంత ఇచ్చారో ఆయన చెబుతుంటే నేను పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. బజారువాళ్లు బొమ్మల చదువుకు ఇంత ఇస్తారా అని నాకు కలిగిన ఆశ్చర్యం మామకు వినిపించింది కాబోలు, మాట మార్చి అమ్మను చాయ్ పెట్టమన్నాడు.

జూన్ ఇరవై ఎనిమిదిన, హాస్టలుకు దుప్పటి కొందామని బట్టల దుకాణానికి పోయాను. ఆ సేటు తానును పక్కన పెట్టి, నా ముఖం ముందు చెయ్యి ఊపాడు. గాలి తగిలి తెలిసింది.

"ఇవెన్ని ఏళ్లు బిడ్డా?"

నేను తల తిప్పి, ఆయన చూపిన వేళ్లను చూసి మూడన్నాను.

"మరి గనవడుతున్నయి గదా! ఆపరేషన్ ఎన్నొద్దులకు? పట్టి ఇప్పినంక ముందుగాల మా దుకాణంకే రావాలె, ఆఁ?"

దుప్పటి కొనకుండా ఇంటికొచ్చాను. మామ దాచలేదు.

"బొమ్మలకెవడిస్తడే పైసలు? కండ్లకంటే ఇస్తరు. నేనేమన్న తాగిన్నా, తిన్ననా? జర సప్పుడు చెయ్యక పోయి సదువుకో."

"వాళ్లు వచ్చి అడిగితే మామా?"

"ఆపరేషన్ ఖరాబైందని జెప్త. అయితలేవా ఏంది లోకంల?"

ఆ రాత్రంతా నాకు ఆశే ఉన్నది, కోపం కాదు. నిజం చెబితే ఎవరూ డబ్బు వెనక్కి తీసుకోరని, పైగా ఇంకాస్త గౌరవంగా ఇస్తారని నమ్మాను. పద్దెనిమిదేళ్ల పిల్ల నమ్మకం అది. అమ్మ పెట్టెలో ఉన్న ఆ డబ్బును జాబితా ప్రకారం నలభై మూడు పొట్లాలు కట్టి, ఒక్కోదాని మీద బొగ్గుతో పేరు రాసి, సోమవారం పొద్దున ఒక్కదాన్నే బయలుదేరాను. అమ్మను రమ్మంటే, "బజార్ల నా తలకాయ ఏడ పెట్టుకోవాలె? నువ్వే పో," అన్నది.

నేను అనుకోని అడ్డం మొదటి దుకాణంలోనే ఎదురైంది. బట్టల సేటు నా మాటంతా విని, పొట్లాన్ని ముట్టుకోనైనా ముట్టుకోలేదు. ధర్మం డబ్బా నుంచి తీసిన పైసలు మళ్లీ ఇంట్లోకి వస్తే అచ్చిరాదట. అట్లాగని బొమ్మలకు ఇవ్వడానికీ ఆయనకు మనసొప్పలేదు. "పోయి గోశాల డబ్బాల వెయ్యి బిడ్డా, పుణ్యం నీకే వస్తది," అన్నాడు. ఆ తరువాత దుకాణం దుకాణానికీ అదే మాట. డబ్బు వాళ్లదీ కాదు, నాదీ కాదు, ఆవులదైంది. మామ మీద కోపంతో ఏడుగురు మాత్రం ధర్మాన్ని పక్కనపెట్టి, నోట్లు ఎంచుకొని మరీ వెనక్కి తీసుకున్నారు. వాళ్లవి రెండువందల తొంభై నాలుగు. నూనె దుకాణమాయన, చూపులేనిదానికి బొమ్మలెందుకు, ఎంచక్కా హార్మోనియం నేర్చుకోరాదా అన్నాడు. అట్లా అన్నవాళ్లు ఆ రెండు రోజుల్లో తొమ్మిదిమంది. నా గొంతు ఎట్లా ఉంటుందో ఒక్కరూ అడగలేదు.

ఇనుప సామాను అమ్మే ముసలాయన ఒకడు మాత్రం, అయితే తన బొమ్మ గియ్యి చూస్తానన్నాడు. చాక్‌పీసు తీసుకొని, ఆయన గల్లా ముందరి బండ మీదనే గీయడం మొదలుపెట్టాను. నేను పక్కకు తిరిగి తరాజు దిక్కు చూస్తుంటే ఆయనకు నవ్వాగలేదు.

"నన్ను సూడకుంట నా బొమ్మెట్ల గీస్తవే పిల్లా? గా తరాజుకు మీసాలు వెడుతున్నవా ఏంది?"

గీయడం అయ్యాక వంగి చాలాసేపు చూశాడు. "ముక్కు నాదే. మా నాయినది గూడ గిదే ముక్కు," అన్నాడు. తరువాత గొంతు తగ్గించి, పొట్లం నన్నే బొమ్మలకు పెట్టుకొమ్మన్నాడు. అట్లా పెట్టుకొమ్మన్నవాళ్లు మొత్తం పదకొండుమంది. వాళ్లది నాలుగువందల అరవై ఒకటి. ఆ పదకొండు గొంతులూ నాకు ఇప్పటికీ వేరువేరుగా గుర్తు.

మంగళవారం సాయంత్రం మిగిలిన ఇరవై అయిదు పొట్లాలతో గోశాలకు పోయాను. గుమాస్తా విప్పి లెక్కపెట్టి సంతోషంతో లేచి నిలబడ్డాడు. సరిగ్గా వెయ్యి నూట పదహార్లు! వెయ్యి దాటితే దాత పేరు రాతి మీద చెక్కడం అక్కడి రివాజు. నేను దాతను కానని, ఇది ఇరవై అయిదు దుకాణాల డబ్బని, జాబితా చూపించి మరీ చెప్పాను. ఆయన వినలేదు. "మోసుకొచ్చినోళ్ల పేరే రాస్తం. పైంగ లెక్క గూడ పదహార్లే పడె, ఇగ నువ్వు గాదంటే దేవుడొప్పుకుంటడా?" అని రసీదు నా పేరునే రాశాడు.

జూలై ఐదు దాటింది. నాలుగువందల అరవై ఒక్క రూపాయితో సీటు నిలవలేదు. డ్రాయింగు సారుకు ఆ ఏడే వికారాబాద్ బదిలీ అయింది. ఆ డబ్బు బొమ్మలకని ఇచ్చిందే కనుక ఇంకోదానికి వాడకుండా, ప్రతి ఆదివారం రైలెక్కి ఆయన దగ్గరికి వెళ్లి నేర్చుకున్నాను. ఆయన ఫీజు తీసుకోలేదు. యాభై మూడు ఆదివారాలు, రైలుకు నూట అరవై తొమ్మిది రూపాయల అరవై పైసలు, కాగితాలకూ రంగులకూ మిగతాది. యాభై మూడో ఆదివారం నాడు డబ్బు అయిపోయింది. నేను చదివిన బొమ్మల చదువు అంతే. తరువాత ఈ ఊళ్లోనే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగమొచ్చింది. దానికి చూపుతో పనిలేదు, హెడ్‌సెట్ పెట్టుకొని ముప్ఫైరెండేళ్లు ఇతరుల మాటలు కలిపాను.

మామ నాతో తొమ్మిదేళ్లు మాట్లాడలేదు. బజారులో నోటిమాట మీద వ్యాపారం చేసే మనిషికి మాట పోతే ఏం మిగులుతుందో నేను ఆ సోమవారం నాడు ఆలోచించలేదు. ఆయన ఎవరినైనా అప్పు అడిగితే, ఇది పప్పుకేనా లేక మేనకోడలి కండ్లకా అని ఎగతాళి చేసేవారట. నేను చేసింది తప్పని ఇవాళ్టికీ అనుకోను. కాని నా లెక్కలో ఆయనను వేయడం మరిచాను.

నాలుగేళ్ల కిందట, అమ్మ పోయిన చాలాకాలానికి, ఒకసారి తాండూరు వెళ్లి గోశాల గోడ తడిమి చూశాను. ఆ నాపరాయి పలక ఇంకా అక్కడే ఉన్నది, మీద సున్నం పొరలు, వాటి కింద నా పేరు, పక్కన వెయ్యి నూట పదహార్లు. బజారులో ధర్మం డబ్బాలు ఇప్పుడు లేవు. ఆ నలభై మూడు దుకాణాల్లో నా గొంతు గుర్తుపట్టినవాళ్లు ఒక్కరూ కనబడలేదు. యాభై మూడు ఆదివారాల బొమ్మలు కూడా అద్దె ఇండ్లు మారినప్పుడల్లా ఒక్కొక్కటే చెదలు పట్టి పోయాయి. ఎవరో డబ్బున్న ఇంటి ఆడపిల్ల ఆవుల కోసం ఇచ్చిందని ఆ పలకను చదివేవాళ్లు అనుకుంటారు. ఒక్క అబద్ధాన్ని ఒంటి మీద ఉంచుకోలేక అంత డబ్బును మోసుకుపోయి దింపి వచ్చాను. ఇప్పుడు ఆ ఊళ్లో నా పేరుతో మిగిలింది ఆ రాతి మీది అబద్ధమొక్కటే. అది కాదని చెప్పడానికి కూడా అక్కడ నాకు తెలిసినవాళ్లెవరూ లేరు.