బోర్డు దాకా ఆపిన మందు

మా బాపు మెట్ల మీద సగంల ఆగిన రోజు నాకింకా యాదికుంది. గోదావరిఖనిల మాది పై అంతస్తు క్వార్టర్. బొగ్గు బాయిల షిఫ్టు దిగి వచ్చి, గోడ పట్టుకొని నిలబడ్డడు. "ఏంది బాపు?" అంటే "పాలాయన వస్తడేమో అని చూస్తున్న" అన్నడు. పాలాయన పొద్దుగాల్నే వచ్చి పోయిండు.

అమ్మ, నేను బలవంతంగ దవాఖానకు తోలుకపోయినం. ఎక్స్‌రే తీసిండ్రు, గొట్టంలకు ఊదమని స్పైరోమెట్రీ చేసిండ్రు. డాక్టర్ సారుది కోస్తా దిక్కు. "సీఓపీడీ అండీ, ఊపిరితిత్తుల జబ్బు. బొగ్గు దుమ్ముకు బీడీ తోడైంది. ఇన్హేలర్ ఒక్క పూట కూడా మానకూడదు" అన్నడు. మందు గుంజుడు మొదలువెట్టినంక బాపుకు పానం నిమ్మళమైంది. బతికిపోయినం అనుకున్న.

గప్పుడు నాది డిగ్రీ ఆఖరి ఏడాది. సైన్సు, వైద్యం మన బతుకులను ఎట్ల మార్చినయో నలుగురిని అడిగి రాయాలని ప్రాజెక్టు ఇచ్చిండ్రు. నేను గీ ఊదుడు టెస్టు పట్టుకున్న. మాకాడ అది రోగం చెప్పే టెస్టు ఒక్కటే కాదు. కంపెనీ మెడికల్ బోర్డు మనిషిని పనికి అన్‌ఫిట్ అంటే ఆయన పిల్లల్ల ఒకరికి కంపెనీల నౌకరి వస్తది. అందుకే ఎవరికన్న దగ్గు మొదలైతే "ఇగ నీ పిల్లలు సెట్ అయినట్టే" అంటరు, అదేదో పండుగ లెక్క.

బాపుతోని పనిచేసే రాజన్న కాకను అడిగిన, ఫోన్‌ల రికార్డు పెట్టుకొని. "బోర్డుకు ముందు మందు బంద్ చెయ్యాలె బిడ్డా. గుంజితే ఊదుడు మంచిగొస్తది, ఫిట్ అంటరు. నాకు మీ బాపే చెప్పిండు గద. ఆయన ఎప్పుడో బంద్ చేసిండు" అన్నడు. బాపుకు దగ్గు మల్ల పెరిగితే మేం చలికాలమని అనుకుంటున్నం.

ఇంటికొచ్చి కొట్లాడిన, ఏడ్చిన. "నాకేం గాదే. బోర్డు అయినంక మల్ల గుంజుత. నీకు కుర్చీల కూసునే నౌకరి రావాలె" అన్నడు.

తెల్లారి స్నానానికి పోయి బాత్రూంల కూలబడ్డడు. పెదవులు నీలంగైనయ్. ఐసీయూల వెంటిలేటర్ పెట్టిండ్రు. "ఇన్హేలర్ ఎందుకు ఆపారు?" అని డాక్టర్ అడిగితే ఉన్నది చెప్పిన. "మీ నాన్నగారు అప్పటికే అన్‌ఫిట్ అమ్మా. మందు వాడినా ఎక్స్‌రేలో ఆ జబ్బు దాగేది కాదు" అన్నడు. గా మాట నన్ను ఇప్పటికీ తింటది.

బాపు ఇంటికైతే వచ్చిండు. బోర్డు అన్‌ఫిట్ అన్నది, నౌకరి నాకొచ్చింది. ప్రాజెక్టుకు మంచి మార్కులు పడ్డయి, ఇంట్ల చెప్పలే. నేను డ్యూటీకి పోతుంటే బాపు ఆక్సిజన్ మెషిన్ పక్కన కూసొని చెయ్యి ఊపుతడు. "జల్ది రా" అనేతందుకు గూడ నడుమ ఆగుతడు. ఆఫీసుల కూసున్న గానీ, ఇంటికాడ కరెంటు పోయిందేమోనని పానం కొట్టుకుంటది. మంచిగైతడని ఎవ్వరు చెప్తలేరు. నేను గూడ అడుగుడు బంద్ చేసిన.

చదివేటోళ్లకు ఒక్కటే చెప్త. మీ ఇంట్ల ఎవరన్న బోర్డుకు పోయేదుంటే, మందు మీ కండ్ల ముంగటనే గుంజమనుండ్రి. గుంజిన అంటే నమ్మకుండ్రి.

మొన్న, బోర్డుకు పోయేదున్న రాజన్న కాకకు గూడ గిదే చెప్పిన. ఆయన ఆయాసపడుకుంట నా మెడల ఐడీ కార్డు దిక్కు చూసిండు.

"నీకొచ్చింది గద బిడ్డా," అన్నడు. "మా పిల్లకు వద్దా?"