వేటకెళ్ళిన మనిషి ఇల్లు

తొమ్మిదో తరగతితో నా బడి చదువు ఆగిపోయింది. మిగతా చదువంతా లైబ్రరీలోనే. నాన్న పోర్టులో కలాసీ. మధ్యాహ్నం ఆయనకి క్యారేజీ ఇచ్చి తిరిగి వస్తూ లైబ్రరీలో దూరేదాన్ని. "ఇది నీకు అర్థం కాదమ్మా" అని లైబ్రేరియన్ గారు ఏ పుస్తకాన్నయినా పక్కన పెడితే, ఆ రోజు ఆ పుస్తకమే ఇంటికి తెచ్చుకునేదాన్ని. అర్థం కాని మాటలన్నీ నోట్‌బుక్కులో ఎక్కించి, నిఘంటువు చూసి అర్థం రాసుకునేదాన్ని. మా అమ్మకి అక్షరం రాదు. అయినా పక్కింటివాళ్ళు వస్తే ఆ నోట్‌బుక్కు తీసి చూపించేది.

డెబ్బైల చివర్లో సీతమ్మధారలో ఒక సేవాసంస్థ అద్దె ఇల్లు తీసుకుని, పేటల్లో పనిచేసే కార్యకర్తలకి ఆర్నెల్ల శిక్షణ పెట్టింది. డిగ్రీ అక్కర్లేదు, ఇక్కడి మనుషుల మాట తెలిస్తే చాలన్నారు. పన్నెండుమందిమి చేరాం. మాకు పాఠం చెప్పే మేడమ్ బొంబాయిలో సోషల్ వర్క్ చదివి వచ్చారు. కుటుంబాల వివరాలు రాసుకునే ఫారం ఆవిడ దగ్గర ఇంగ్లీషులో ఉంది. "నువ్వు తెలుగు బాగా రాస్తావు కదా, దీన్ని తెలుగులో పెట్టు" అన్నారు నాతో. ఆ రోజు నా కాళ్ళు నేల మీద లేవు.

నిఘంటువు ముందేసుకుని రెండు రోజులు కూర్చున్నాను. వివాహ స్థితి అని ఒక శీర్షిక, కింద మూడు గళ్ళు. వివాహిత, అవివాహిత. మూడోదాని దగ్గర ఆగిపోయాను. మొగుడు పోయిన ఆడదానికి మావైపు ఉన్న మాట తిట్టులా ఉంటుంది. అలాంటి మాట ఫారంలో ఉండకూడదనుకుని, వెతికి 'వితంతువు' అని రాశాను. గౌరవమైన మాట దొరికిందని పొంగిపోయాను. మేడమ్ కూడా మెచ్చుకున్నారు.

శిక్షణలో ఒక్కొక్కరం ఒక్కో కుటుంబాన్ని మూడు నెలలు కనిపెట్టుకుని ఉండాలి. నాకు సముద్రం ఒడ్డున ఉన్న పేటలో ఒక అత్తాకోడళ్ళ ఇల్లు వచ్చింది. కోడలికి నా వయసే. ఇద్దరు పిల్లలు. ఆవిడ మొగుడు వానలకి ముందు ఇంకో ఇద్దరితో కలిసి తెప్ప మీద వేటకెళ్ళాడు. వాళ్ళకి వేటంటే చేపలవేటే. ఆ ఇద్దరూ ఎలాగో ఒడ్డుకి చేరారు. ఇతను చేరలేదు. శవం కూడా దొరకలేదు. ఇదంతా నాకు ఇరుగుపొరుగు వాళ్ళు చెప్పారు. ప్రభుత్వం వితంతువులకి నెలనెలా ఇచ్చే పింఛను ఈవిడకి ఇప్పించాలని నేను నిర్ణయించేసుకుని, ఫారం పట్టుకుని వెళ్ళాను.

ఇద్దరూ గుమ్మం ముందు కూర్చుని నెత్తళ్ళు, వేలెడంత చేపలు, ఏరుతున్నారు. నేను వరసగా అడుగుతూ, రాసినది పైకి చదువుతూ మూడో గడి దాకా వచ్చాను.

"వితంతువు" అని చదివి టిక్కు పెట్టాను.

"అదేటమ్మా? కొత్త సేపా?" అంది అత్త. కోడలు పకపకా నవ్వింది.

నాకు రోషం వచ్చింది. "చేప కాదు అత్తా! భర్త చనిపోయిన ఆవిడని పుస్తకాల్లో అలా అంటారు" అన్నాను.

కోడలి చెయ్యి చేపల మీద ఆగిపోయింది. నుదుటి మీద రూపాయంత బొట్టు, చేతుల నిండా గాజులు. అవన్నీ నేను అప్పుడు చూశాను.

"నా మొగుడు సచ్చిపోనాడని నీకెవులు సెప్పినారు?" అంది. గొంతు పెంచలేదు. "ఏటకెల్లినాడు. ఇంకా రానేదు. అంతే."

"లేచెల్లు గుంటా," అంది అత్త. "నీ కాయితం కూడా అట్టుకుపో."

మర్నాడు మేడమ్ నా ఫారం చూశారు. వివాహ స్థితి దగ్గర పెట్టిన టిక్కుని చెరిపేసి, 'జవాబు చెప్పడానికి నిరాకరించారు' అని రాశాను. జరిగింది జరిగినట్టు చెప్పించుకున్నారు.

"ఆవిడ నిరాకరించలేదు. జవాబు చెప్పింది. నువ్వు రాసుకోలేదు, అంతే" అన్నారు.

"ఆ జవాబుకి ఫారంలో గడి లేదు మేడమ్."

ఆవిడ ఫారం దగ్గరికి లాక్కున్నారు. "లేదు. ఆ మూడు గళ్ళూ తెచ్చింది నేనే" అన్నారు. "రేపు కాగితం లేకుండా వెళ్ళు."

కాగితం లేకుండా వెళ్తే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కోడలు పలకలేదు. అత్త మాత్రం ఎగాదిగా చూసి, "ఏటి పంతులమ్మా, ఇయాల ఏ సేప తెచ్చినావు?" అంది. పక్కన కూర్చుని చేపలు ఏరాను. పెద్దవీ చిన్నవీ కలిపేశానని అత్త నా చేతి మీద ఒకటి వేసింది. నాలుగో వారానికి కోడలు నన్ను 'అప్పా' అని, అక్కని పిలిచినట్టు పిలిచింది.

పింఛను మాట ఇంకొక్కసారే ఎత్తాను, మెల్లగా. ఒక కాగితం మీద వేలిముద్ర వేస్తే పిల్లలకి ఆసరా అవుతుందన్నాను. ఆవిడ సముద్రం వైపు చూసింది.

"ఆడొచ్చి ఆ కాయితం సూత్తే ఏటనుకుంటాడప్పా?" అంది.

 ఆ మాటని ఆవిడ అన్నది అన్నట్టే రాసుకెళ్ళి మేడమ్‌కి ఇచ్చాను. ఆవిడ రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

తరువాత వారం నుంచి మా శిక్షణలో శనివారం పాఠం పేటవాళ్ళదే అయింది. మొదటి శనివారం ఆ అత్తే వచ్చింది, మద్దిలపాలెంలో బస్సు మారి. మేడమ్ కుర్చీ వేస్తే కూర్చుని, వెంటనే లేచి, "దీని మీద మాటరాదమ్మా" అని నేల మీదకి దిగింది. మేమూ దిగాం, మేడమ్‌తో సహా. ఏ ఇంట్లో ముందు ఎవరిని పలకరించాలి, వేటకి బయల్దేరిన మనిషిని ఎక్కడికని ఎందుకు అడగకూడదు, ఏడుస్తున్న ఇంటికి వెళ్తే ఎక్కడ కూర్చోవాలి, అన్నీ చెప్పింది. "ఇయ్యి కూడా రాసుకుంటన్నారేటి?" అని మధ్యమధ్యలో మమ్మల్ని చూసి నవ్వింది.

పేటలో సంస్థ చిన్నపిల్లల కోసం బాలవాడి తెరిచింది. ఆయా పని కోడలికే ఇద్దామని మేడమ్ అన్నారు. ఆ పనికి మొగుడు ఉన్నాడా పోయాడా అని ఎవరికీ చెప్పుకోవాల్సిన అవసరం లేదు. నేను పరుగున వెళ్ళి చెబితే, "పిల్లల్ని సూసుకోడమేగా, సేత్తాను" అంది.

చేరే రోజున సంస్థ గుమాస్తా రిజిస్టరు తెరిచాడు. ఆవిడ పేరు, వయసు రాసుకుని, "భర్త పేరు?" అన్నాడు.

మావైపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కొత్త పెళ్ళికూతురిలా తల వంచుకుని, "నువ్వు సెప్పప్పా" అంది. నేను చెప్పాను.

గుమాస్తాకి సంగతి తెలుసు. చనిపోయినవాళ్ళ పేరు ముందు ఇంగ్లీషు పద్ధతిలో 'లేటు' అని రాయడం అతనికి అలవాటు. గొంతు తగ్గించి, "ముందు లేటు అని పెట్టాలా?" అని నన్ను అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంది.

"లేటే బాబూ. శానా లేటైపోనాది. అయినా వత్తాడు."

ఆ మాటకి అక్కడ ఇంకో అర్థం ఉందని గుమాస్తా చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అతను కలం సిరాలో ముంచి, పేరు ఒక్కటే రాశాడు.